చియోంగ్‌సామ్ కుట్టించుకోవాలంటే: ఏ కాలపుదో తేల్చుకోవడం నుంచి ఆఖరి బొత్తాం దాకా

చియోంగ్‌సామ్ అంటే నిలువు మెడ, పక్కకు తెరుచుకునే ముందు భాగం, పక్క చీలికలు ఉన్న చైనా ఆడవాళ్ల పొడుగు అంగీ. టైలరు దగ్గరికి వెళ్లి ఫోన్‌లో ఒక ఫొటో చూపించి “ఇలాంటిది కుట్టండి” అంటే, చాలాసార్లు మెడకు పట్టీ తగిలించిన బిగుతు గౌను చేతికొస్తుంది. తప్పు పూర్తిగా టైలరుది కాదు. 1925లో షాంఘై కాలేజీ అమ్మాయి వేసుకున్నదీ, 1935లో సినిమా తార వేసుకున్నదీ, 1960లో హాంగ్‌కాంగ్ ఆఫీసు ఉద్యోగిని వేసుకున్నదీ అన్నీ చియోంగ్‌సామ్‌లే. కానీ ఒక్కోదానికి కత్తిరింపు వేరు, వదులు వేరు, మెడ వేరు, పక్క చీలిక వేరు. ఒకదాని మెడ తెచ్చి ఇంకోదాని నడుముకు తగిలిస్తే అది ఏ కాలానికీ చెందదు, ఒంటికీ నప్పదు. అందుకని బట్ట కొనకముందే చరిత్రతో మొదలుపెడదాం. ఇక్కడ చరిత్ర అలంకారం కాదు, టైలరుకు ఇవ్వాల్సిన ఆర్డరులో మొదటి లైను.

ఒక మాట ముందే. మాండరిన్ మాట్లాడేవాళ్లు దీన్ని చీపావ్ అంటారు, హాంగ్‌కాంగ్, గ్వాంగ్‌జౌ వైపు కాంటొనీస్‌లో చియోంగ్‌సామ్ అంటారు. షాపులో ఏ పేరు వినబడినా కంగారు పడక్కర్లేదు.

మొదటి మెట్టు: ఏ కాలపుది కావాలి?

చైనాను 1644 నుంచి 1912 దాకా ఏలిన చింగ్ వంశం ఈశాన్యం నుంచి వచ్చిన మంచూ జాతివాళ్లది. మంచూ స్త్రీలు భుజం నుంచి కింది దాకా ఒకే బట్టగా, నిటారుగా జారే పొడుగు అంగీ వేసుకునేవారు. దేశంలో ఎక్కువమంది అయిన హాన్ చైనీయుల స్త్రీలది వేరే పద్ధతి: పైన అంగీ, కింద లంగా లేదా పైజామా. మంచూ పాలకులు హాన్ మగవాళ్ల చేత జడ వేయించి, తమ దుస్తులు తొడిగించారు కానీ ఆడవాళ్ల బట్టల జోలికి పెద్దగా పోలేదు. కాబట్టి ‘మంచూ అంగీని సన్నం చేస్తే చియోంగ్‌సామ్ అయింది’ అనే మాట సగమే నిజం.

మిగతా సగం 1912లో రిపబ్లిక్ వచ్చాక జరిగింది. 1919లో విద్యార్థులు నడిపిన మే నాలుగు ఉద్యమం తర్వాత చదువుకునే అమ్మాయిలు, అప్పటిదాకా మగవాళ్లే వేసుకునే పొడుగు అంగీలాంటిది తామూ వేసుకోవడం మొదలుపెట్టారు. ఆడపిల్లల పాదాలు ఎదగకుండా కట్టేసే ఆచారాన్ని కాదని, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, అబ్బాయిలతో సమానంగా బడికి వెళ్లే తరం అది. మంచూ అంగీ నుంచి వచ్చిందా, మగవాళ్ల అంగీ నుంచి వచ్చిందా అన్న దానిపై పండితుల వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నాకైతే పక్కకు తెరుచుకునే తీరు, నిలువు మెడ పాత అంగీలవి, దాన్ని ఆడపిల్ల తొడుక్కుని వీధిలోకి రావడం మాత్రం 1920లదే అనిపిస్తుంది.

1920ల చియోంగ్‌సామ్ వదులుగా ఉంటుంది. చేతులు మోచేతి దగ్గర గంటలా వెడల్పవుతాయి, అంచు పిక్కల దగ్గర ఆగుతుంది, నడుము అనేదే కనబడదు. బిగుతు బట్టలంటే టెన్షన్ పడేవాళ్లకు ఇదే సరైనది. దీన్ని కూడా చియోంగ్‌సామ్ అంటారని తెలియకే చాలామంది “అది మన ఒంటికి కాదులే” అని వదిలేస్తారు. 1929లో నేషనలిస్టు ప్రభుత్వం దుస్తుల నిబంధనలు తెచ్చి, ఆడవాళ్ల అధికారిక దుస్తుల్లో దీన్ని చేర్చింది.

1930ల షాంఘైది అసలు వైభవం. సిగరెట్లు, సబ్బులు, మందుల కంపెనీలు పంచిన క్యాలెండర్ బొమ్మల్లో చియోంగ్‌సామ్ వేసుకున్న ఆధునిక యువతులే కనిపించేవారు. హాంగ్ జీయింగ్ అనే చిత్రకారుడి స్టూడియో ఇలాంటి బొమ్మలకు పెట్టింది పేరు. రువాన్ లింగ్‌యు, హు డియె లాంటి తారలు ఏ ఫ్యాషన్ తెస్తే ఊరంతా అదే. అంచు ఒక ఏడాది మోకాలి దాకా ఎక్కేది, దశాబ్దం మధ్యకొచ్చేసరికి నేల ఊడ్చేంత కిందికి దిగేది. కింద ఎత్తు మడమల చెప్పులు, చీలికలోంచి కాస్త కనబడేలా లేసు అంచున్న లోపలి స్లిప్పు. పైగా ఇదేదో డబ్బున్నవాళ్ల బట్ట మాత్రమే కాదు. ఇండాంత్రీన్ అనే రసాయన రంగు వేసిన నీలి కాటన్ చియోంగ్‌సామ్ ఆ రోజుల్లో విద్యార్థినులకు దాదాపు యూనిఫాం.

1930ల ఫొటోలు చూసేవాళ్లు గమనించని సంగతి ఒకటుంది. సన్నగా కనిపించే ఆ అంగీల్లో ఎక్కువవాటికి డార్టులు (ఒంటి ఆకారం కోసం గుడ్డను మడిచి వేసే కుట్లు) ఉండవు. భుజం దగ్గర కుట్టూ ఉండదు. చేతులు ఒంటితోపాటే ఒకే గుడ్డలో కత్తిరించినవి. పక్క కుట్లను లోపలికి వంచి, ఇస్త్రీతో బట్టను సాగదీసి, కుదించి ఆకారం తెచ్చేవారు. చంక కింద, చాతీ పక్కన సన్నటి ముడతలు పడేవి. అవి లోపం కాదు, ఆ కత్తిరింపు గుర్తు.

1937లో జపానుతో యుద్ధం మొదలయ్యాక అంచు పైకెక్కింది, చేతులు పోయాయి, మెడ తగ్గింది. పొదుపు, సౌకర్యం రెండూ కావాలి కదా. 1943 ఫిబ్రవరిలో నేషనలిస్టు నేత చియాంగ్ కైషేక్ భార్య సూంగ్ మేలింగ్ అమెరికా కాంగ్రెస్‌లో ప్రసంగించింది చియోంగ్‌సామ్‌లోనే. పడమటి దేశాల పత్రికలకు ఈ దుస్తులు బాగా పరిచయమవడంలో ఆమె పాత్ర పెద్దది.

1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక షాంఘై టైలర్లు చాలామంది హాంగ్‌కాంగ్ చేరారు. ఇప్పుడు మన కళ్లలో మెదిలే చియోంగ్‌సామ్ అక్కడ పుట్టింది: చాతీకి, నడుముకు డార్టులు, విడిగా కత్తిరించి అతికించిన చేతులు, పక్కన జిప్, బిగుసుకున్న ఎత్తు మెడ, మోకాలి దగ్గర అంచు. 1950లలో, 60లలో ఆఫీసుకు వెళ్లేవాళ్లు, టీచర్లు, బజారుకు వెళ్లే గృహిణులు రోజూ వేసుకున్నదే ఇది. 60ల చివరికొచ్చేసరికి రెడీమేడ్ గౌన్లు, ప్యాంట్లు దాన్ని పక్కకు నెట్టేశాయి.

అదే సమయంలో చైనా ప్రధాన భూభాగంలో దాన్ని వేసుకోవడమే నేరంలా మారింది. దేశాధ్యక్షుడు ల్యూ షావోచీ భార్య వాంగ్ గ్వాంగ్‌మే 1963లో ఇండోనేషియా పర్యటనలో చియోంగ్‌సామ్ వేసుకున్నారు. 1967లో, సాంస్కృతిక విప్లవం రోజుల్లో, మావో పక్షపు యువ దళాలైన రెడ్ గార్డులు ఆమెను చింగ్‌హ్వా విశ్వవిద్యాలయంలో జనం ముందు నిలబెట్టి, బలవంతంగా చియోంగ్‌సామ్ తొడిగి, మెడలో పింగ్‌పాంగ్ బంతుల దండ వేసి అవమానించారు. ఒక బట్ట మీద అంత కోపం పెంచుకున్న దేశమే తర్వాత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పతకాలు అందించే అమ్మాయిలకు ఆ తరహా దుస్తులు తొడిగింది. హాంగ్‌కాంగ్ చియోంగ్‌సామ్ కుట్టే విద్య 2021లో చైనా జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది.

ఇక తేల్చుకోండి. వదులుగా ఉండే 20ల తరహానా, డార్టులు లేకుండా జారే 30ల తరహానా, డార్టులతో ఒంటికి పట్టే 60ల తరహానా? నా సలహా ఏంటంటే, మన ఊరి టైలరు చేత కుట్టిస్తుంటే 60లది ఎంచుకోండి. జాకెట్లు కుట్టి చేయి తిరిగినవాళ్లకు డార్టులు వెన్నతో పెట్టిన విద్య. 30లది చూడ్డానికి సులువు, కుట్టడం కష్టం. 20లది కుర్తా కుట్టగలిగిన ఎవరైనా కుడతారు.

రెండో మెట్టు: బట్ట

బ్రొకేడ్ అంటే అందరూ ఎగబడతారు. డ్రాగన్లు, పియోనీ పూలు, మెరుపు. కానీ చవక రకం పాలియెస్టర్ బ్రొకేడ్‌తో కుట్టినది రెస్టారెంటు యూనిఫాంలా కనిపించే ప్రమాదం చాలా ఎక్కువ. పైగా గాలాడదు. మన ఎండలకు అస్సలు పనికిరాదు. మొదటిసారి కుట్టించుకునేవాళ్లకు కాస్త బరువున్న కాటన్, లినెన్ కలిసినది, లేదంటే మధ్యరకం మందం ఉన్న పట్టు మంచివి. సాగే బట్ట వద్దు. అది బిగుతును సులువు చేస్తుంది కానీ పైపింగ్ (అంచుల వెంట కుట్టే సన్నటి గుడ్డ పట్టీ) అంతా అలలు తిరుగుతుంది.

అసలు చైనా బట్టే కావాలనుకుంటే శ్యాంగ్‌యున్‌షా గురించి తెలుసుకోండి. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని షుండె ప్రాంతంలో పట్టును ఒక రకం దుంప రసంలో మళ్లీ మళ్లీ ముంచి ఎండబెట్టి, ఇనుము ఎక్కువున్న నది బురద పూసి కడుగుతారు. ఒకవైపు నిగనిగలాడే నలుపు, రెండోవైపు ఇటుక గోధుమ రంగు వస్తాయి. వేసుకుంటే చల్లగా, ఒంటికి అంటుకోకుండా ఉంటుంది. వాడేకొద్దీ మెత్తబడుతుంది. ఖరీదే కానీ ఉక్కపోత ఊళ్ల కోసమే పుట్టిన బట్ట అది.

పాత పట్టుచీరతో కుట్టించవచ్చా అని అడిగేవాళ్లు ఎక్కువ. నిక్షేపంలా. అయితే లెక్క చూసుకోండి. చీర పన్నా సుమారు 115 సెంటీమీటర్లు. అంచు కింద వచ్చేలా అడ్డంగా కత్తిరిస్తే భుజం నుంచి అంచు దాకా మీకు దొరికే పొడవు అంతే, అందులోంచే కుట్టు మార్జిన్ కూడా పోవాలి. అంటే మామూలు ఎత్తున్న మనిషికి మోకాలు దాటి కొద్దిగా వస్తుంది, పాదాల దాకా రాదు. పొడుగుది కావాలంటే చీరను నిలువుగా వాడి, అంచును విడిగా తీసి మెడకో చేతికో వేసుకోవాలి. బరువైన జరీ మడతల దగ్గర విరుగుతుంది కాబట్టి అది డార్టుల్లోకి రాకుండా చూడాలి. ఇకత్ అయితే ముందు భాగం మీద డిజైను కలవడం పెద్ద పరీక్ష. దాని సంగతి నాలుగో మెట్టులో చెబుతాను.

ఎంత గుడ్డ కావాలి? 110 సెంటీమీటర్ల పన్నాలో పొట్టి చేతులతో పిక్కల దాకా వచ్చేదానికి రెండున్నర మీటర్లు తీసుకోండి. పెద్ద డిజైను ఉంటే ఇంకో అర మీటరు. చైనా నుంచి వచ్చే సంప్రదాయ బ్రొకేడ్ పన్నా ఇంకా తక్కువ ఉంటుంది, దానికి ఇంకా ఎక్కువ పడుతుంది. లైనింగ్‌కు మెత్తని కాటన్ లేదా పల్చటి పట్టు. పైపింగ్ కోసం వేరే రంగు గుడ్డ అర మీటరుకు తగ్గకుండా తీసుకోండి. క్రాస్‌లో (ఏటవాలుగా) కత్తిరించాలి కాబట్టి చాలా వృథా అవుతుంది.

బట్టను కత్తిరించకముందే కాటన్ అయితే తడిపి ఆరబెట్టండి, పట్టు అయితే లోపలివైపు నుంచి ఆవిరి ఇస్త్రీ చేయించండి. లైనింగ్‌కూ అంతే. పై బట్ట అలాగే ఉండి లైనింగ్ కుంచించుకుపోతే మొదటి ఉతుకులోనే అంచు పైకి లాక్కుపోతుంది.

మూడో మెట్టు: కొలతలు

చాతీ, నడుము, సీటు, పొడవు తీసుకుని టేపు మడిచేస్తే ఆ టైలరు చేత చియోంగ్‌సామ్ కుట్టించకండి. షాంఘై, హాంగ్‌కాంగ్‌లలో పాతకాపు టైలర్లు ఇరవైకి పైగా కొలతలు తీస్తారు. మనకు కనీసం ఇవి ఉండాలి: మెడ మొదలు చుట్టుకొలత, భుజం వెడల్పు, చాతీ, చాతీ కింద, రెండు చాతీ మొనల మధ్య దూరం, భుజం నుంచి చాతీ మొన దాకా, ముందు వైపు భుజం నుంచి నడుము దాకా, వెనక వైపు మెడ నుంచి నడుము దాకా, నడుము, పొట్ట, సీటు, నడుము నుంచి సీటు దాకా లోతు, చంక చుట్టు, పై చేయి, మొత్తం పొడవు.

ముందు, వెనక నడుము పొడవులు విడివిడిగా తీయడం ఇందులో ప్రాణం. ఇద్దరికి నడుము చుట్టుకొలత ఒకటే ఉండొచ్చు. ఒకరికి వీపు గూని, ఇంకొకరికి చాతీ ఎత్తు. వెనక పొడవు రెండు సెంటీమీటర్లు తప్పితే నడుము మీద అడ్డంగా ఒక మడత పడి ఎంత ఇస్త్రీ చేసినా పోదు.

కొలతలు ఇచ్చేటప్పుడు చియోంగ్‌సామ్‌తో వేసుకోబోయే లోదుస్తులే వేసుకోండి, ఆ చెప్పులే తొడుక్కోండి. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోకండి. వదులు ఎంత ఉంచాలంటే, 60ల తరహాకు చాతీ దగ్గర 4 నుంచి 6 సెంటీమీటర్లు, నడుము, సీటు దగ్గర 3 నుంచి 4. ఇంతకన్నా తగ్గిస్తే ఫొటోలో బాగుంటుంది, భోజనం దగ్గర బాగుండదు. 30ల తరహాకు ఇంకాస్త ఎక్కువ, 20ల తరహాకు కుర్తా అంత.

నాలుగో మెట్టు: ఎటు తెరుచుకోవాలి, ఎలా కత్తిరించాలి

దీని దగ్గర మన టైలర్లు తరచూ పప్పులో కాలేస్తారు. ఆడవాళ్ల షర్టులకు కుడివైపు గుడ్డ పైకి వస్తుంది. చియోంగ్‌సామ్‌కు దీనికి వ్యతిరేకం. ముందు భాగం మొత్తం ఎడమ నుంచి వచ్చి ఒంటిని కప్పి, మెడ నుంచి వంపు తిరిగి కుడి చంక కిందికి చేరుతుంది. అంటే బొత్తాలు వేసుకునేవారి కుడివైపు రావాలి. తిప్పి కుట్టడం చైనాలో మామూలు పొరపాటుగా చూసే విషయం కాదు. పాత హాన్ సంప్రదాయంలో ఎడమవైపు మూసే బట్ట చనిపోయినవాళ్లకు తొడిగేది. అద్దంలో తీసుకున్న సెల్ఫీలను నమూనాగా చూపిస్తే ఎడమ కుడి తారుమారవుతుంది, జాగ్రత్త. ఆర్డరు కాగితం మీదే ‘కుడి చంక కింద’ అని రాయించండి.

ఆ తెరుచుకునే వంపు రకాలుగా ఉంటుంది: గుండ్రంగా, ఏటవాలుగా, చదరంగా, రెండువైపులా. మొదటిసారికి గుండ్రటిదే మేలు. చదరంగా తిరిగే మూల దగ్గర పైపింగ్ పెట్టడం చాలా చేయి తిరిగిన పని.

60ల తరహాకు ముందు, వెనక ముక్కలు విడివిడిగా కత్తిరించి, చాతీ పక్క డార్టు, నడుము దగ్గర రెండు కొసలూ సన్నబడే డార్టులు వేస్తారు. వంపు కింద దాగే లోపలి ముక్క కూడా విడిగానే కత్తిరిస్తారు. చాలా షాపుల్లో తప్పుడు వంపు కుట్టేస్తారు. అంటే ముందు భాగం మామూలు గౌనే, పైన వంపు ఆకారంలో పైపింగ్, బొత్తాలు అలంకారానికి, తెరవడానికి వీపున జిప్. డబ్బు తక్కువ పెట్టినప్పుడు తప్పులేదు కానీ నిజంగా తెరుచుకునేదని చెప్పి దాన్నిస్తే ఒప్పుకోకండి. నిజమైనదానికి వంపు కింద టిచ్ బటన్లు, కుడి పక్క కుట్టులో జిప్ ఉంటాయి.

30ల తరహాలో గమ్మత్తు వేరే. గుడ్డను భుజం దగ్గర మడిచి, ముందూ వెనకా ఒకే ముక్కగా కత్తిరిస్తారు. అప్పుడు వంపు కోసినచోట రెండు ముక్కలు ఒకదానిపై ఒకటి పడటానికి మిగులు గుడ్డ ఎక్కడిది? ఒకే గీత మీద కోసిన గుడ్డ రెండు వైపులా ఎక్కడి నుంచి వస్తుంది? పాత టైలర్లు కోసిన అంచులను ఇస్త్రీ పెట్టెతో తడిపి సాగదీసి, పైన భుజం మడతను కాస్త జరిపి, ఆ ఒకటి రెండు సెంటీమీటర్లను గుడ్డలోంచే లాగి తెచ్చేవారు. డిజైను తెగకుండా ఉండాలంటే ఇదే దారి. చేతకానిచోట లోపలికి వేరే ముక్క అతికించి సరిపెడతారు. మీరూ అలాగే చేయించండి.

అన్నట్టు, డిజైను కలవడం. వంపు గీతకు ఈవలి పువ్వు, ఆవలి పువ్వు బొత్తాలు పెట్టాక ఒకే పువ్వుగా కనబడాలి. పక్క కుట్టు దగ్గర కూడా. పెద్ద ఇకత్ గళ్లకు ఇది కుదరకపోతే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మీ టైలరుకు ఓపిక లేదనిపిస్తే సాదా గుడ్డ గానీ చిన్న చుక్కల డిజైను గానీ ఇవ్వండి.

లోపల మార్జిన్ ఉదారంగా వదలమనండి. పక్క కుట్లలో రెండేసి సెంటీమీటర్లు ఉంటే పదేళ్ల తర్వాత కూడా వదులు చేయించుకోవచ్చు.

ఐదో మెట్టు: ట్రయల్

పట్టు మీద కత్తెర పెట్టకముందు చవక కాటన్‌తో ఒకటి కుట్టించి చూసుకోవడం తెలివైన పని. అదనపు మజూరీ తప్పదు, కానీ మీ కొలతకు సరిపడే నమూనా శాశ్వతంగా చేతిలో ఉంటుంది. అది కుదరదంటే, అసలు బట్టనే కచ్చా కుట్లు వేసి మెడ, పైపింగ్, బొత్తాలు పెట్టకముందు ఒకసారి తొడిగి చూడాలి.

నిలబడి అద్దంలో చూసుకోవడం ట్రయల్ కాదు. కుర్చీలో కూర్చోండి. రెండు చేతులూ పైకెత్తండి. మెట్లెక్కండి. వంగి చెప్పుల పట్టీ పెట్టుకోండి. కూర్చున్నప్పుడు పొట్ట మీద బట్ట బిగిస్తే పొట్ట కొలత తక్కువైందని అర్థం. చాతీ డార్టు కొస సరిగ్గా మొన మీద ఆగకూడదు, ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల ముందే ఆగాలి. లేకపోతే మొన తేలుతుంది.

చీలిక ఎత్తును తేల్చాల్సింది కూడా ఇప్పుడే, అదీ కూర్చున్నప్పుడు. నిలబడి మోకాలికి జానెడు పైన పెట్టుకున్న చీలిక, కూర్చోగానే ఇంకా పైకి పోతుంది. కూర్చుని మీకు ఇబ్బంది లేని చోట గుండుసూది గుచ్చి, అక్కడ ఆపమనండి. చీలిక మొదలయ్యే చోట లోపల చిన్న గుడ్డ ముక్క పెట్టి గట్టిగా టాకా వేయించడం మరవొద్దు. ఆటో ఎక్కేటప్పుడు చిరిగేది అక్కడే.

ఆరో మెట్టు: మెడ

చియోంగ్‌సామ్ బతికేదీ చచ్చేదీ మెడ దగ్గరే. మన టైలర్లు ‘చైనీస్ కాలర్’ అంటూ కుర్తాలకు వేసే పట్టీ దీనికి దూరపు చుట్టం. అది ఊరికే నిటారుగా నిలబడే పట్టీ. దీనిది మెడ ఆకారంతోపాటు లోపలికి వాలే పట్టీ.

రహస్యం కత్తిరింపులో ఉంది. నిటారు పట్టీగా కాకుండా, ముందు కొస ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు పైకి లేచేలా వంపుగా గీయాలి. ఆ లేపు ఎంత ఎక్కువైతే పై అంచు మెడకు అంత దగ్గరగా వస్తుంది. లేపు లేకుండా కత్తిరిస్తే పై అంచు మెడ నుంచి దూరంగా నిలబడుతుంది. ఎత్తు నాలుగు సెంటీమీటర్లు అయితే రోజంతా హాయిగా ఉంటుంది. ఐదు, ఆరు అయితే 60ల ఠీవి వస్తుంది. మెడ పొట్టిగా ఉన్నవాళ్లు మూడున్నరతో సరిపెట్టుకుంటేనే అందం. 2000 ప్రాంతంలో వచ్చిన ఒక హాంగ్‌కాంగ్ సినిమా చూసి అందరికీ బుగ్గల దాకా వచ్చే మెడ కావాలి. ఆ నటి మెడ పొడుగు, పైగా ఆమె రోజంతా ఫ్యాన్ కింద కూర్చుని టైపు కొట్టక్కర్లేదు.

లోపల బక్రం (మెడ నిలబడటానికి పెట్టే గట్టి గుడ్డ) పెట్టాలి, కానీ మరీ రేకులాంటిది వద్దు, చర్మం ఒరుసుకుపోతుంది. బక్రాన్ని మార్జిన్ లేకుండా, సరిగ్గా మెడ ఆకారానికి కత్తిరించి అతికిస్తే కుట్ల దగ్గర లావెక్కదు. లోపలివైపు మెత్తని కాటనో పట్టో వేయించండి. ముందు గుండ్రటి కొసలు రెండూ ఒకేలా ఉండాలి. టైలరు రెండూ విడివిడిగా గీస్తుంటే, ఒకటి గీసి కాగితం మడిచి రెండోది కోయమని మర్యాదగా చెప్పండి. తయారయ్యాక మూసి చూస్తే మెడకూ పట్టీకీ మధ్య ఒక వేలు దూరాలి.

ఏడో మెట్టు: అంచులు

పైపింగ్ అన్ని అంచులకూ తిరుగుతుంది: మెడ పైన, వంపు వెంట, చేతులకు, చీలికలకు, కింద. గుడ్డను 45 డిగ్రీల క్రాస్‌లో కోస్తేనే వంపుల దగ్గర ముడత పడకుండా తిరుగుతుంది. వెడల్పు మీ ఇష్టం. చైనా టైలర్లు అగరుపుల్ల అంచు అని పిలిచే రకం రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు. అంత సన్నగా, అంతటా ఒకే మందంగా రావడం గొప్ప పనితనం. రెండు రంగుల అంచులు ఒకదాని పక్కన ఒకటి వేస్తే ఇంకా అందం, మజూరీ కూడా రెట్టింపు.

పట్టు జారిపోకుండా వాళ్లు చేసే చిట్కా మన ఇళ్లలో తెలిసినదే. పల్చటి పిండి లై. గోధుమ పిండితో కాచిన లైని చిన్న గరిటలాంటి కత్తితో పైపింగ్ గుడ్డ వెనక, ఒంటి ముక్క అంచుల వెనక పల్చగా రాస్తారు, ఆరాక ఇస్త్రీ చేస్తారు. గుడ్డ కాగితంలా నిలబడుతుంది, పోగులు ఊడవు, కత్తెర గీసినట్టు పోతుంది. మీ టైలరు నవ్వినా ఒక ముక్క మీద రాసి చూపించండి. మైదా లై కూడా పనిచేస్తుంది. మరక పడుతుందేమో ముందు చిన్న తుండు మీద చూసుకోవాలి, పని అయ్యాక లై ఉన్న బట్టను తడి తగలకుండా ఉంచాలి, లేకపోతే పురుగులు పడతాయి.

పైవైపు మిషన్ కుట్టు వేసి, లోపలికి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేస్తే బయటికి ఒక్క కుట్టూ కనబడదు. బయటి నుంచి మిషన్ కుట్టు కనబడుతుంటే అది హడావుడి పని.

ఎనిమిదో మెట్టు: గుడ్డ బొత్తాలు

దీన్ని టైలరు మీద వదలకుండా మీరే ఇంట్లో చేసుకోవచ్చు. పైపింగ్ గుడ్డనే రెండు సెంటీమీటర్ల వెడల్పున క్రాస్‌లో కోయండి. రెండు అంచులూ లోపలికి మడిచి, మళ్లీ మధ్యకు మడిచి, చేత్తో సన్నగా కుట్టుకుంటూ పోతే నాలుగైదు మిల్లీమీటర్ల తాడు వస్తుంది. పువ్వు ఆకారాలు చేయాలంటే మడిచేటప్పుడే లోపల సన్నటి రాగి తీగ పెట్టాలి. అది ఉంటే చెప్పిన వంపు చెప్పినట్టు నిలబడుతుంది.

సాదా బొత్తానికి ముప్ఫై సెంటీమీటర్ల తాడు తీసుకోండి. నడి భాగంలో రెండు ఉచ్చులను ఒకదాని మీద ఒకటి వేసి, పైన కింద, పైన కింద అల్లి చదునైన ముడి చేయండి. తర్వాత రెండు కొసలనూ చెరో పక్క నుంచి ముడి బయటగా చుట్టి తెచ్చి, కింది నుంచి మధ్య ఖాళీలోకి దూర్చండి. ఇప్పుడు లాగకండి. ఒక్కసారి లాగితే గడ్డలా అవుతుంది. తాడు వెంట ఎక్కడ వదులుందో వెతికి, సూది మొనతో కొద్దికొద్దిగా జరుపుతూ బిగిస్తే బఠాణీ గింజంత గుండ్రటి ముడి వస్తుంది. కుట్టు గీత లోపలివైపే ఉండేలా తిప్పుకుంటూ రండి. కిందికి వచ్చిన రెండు తోకలను పక్కపక్కన చేర్చి కుట్టేస్తే ఒక సగం సిద్ధం. రెండో సగం ఉచ్చు. ముడి దూరేంత మాత్రమే వదలాలి, వదులైతే ఊరికే ఊడిపోతుంది.

ముడి ఉన్నది పైన పడే ముక్క అంచున, ఉచ్చు ఉన్నది కింది ముక్క మీద పెట్టేవాళ్లూ ఉన్నారు, అటుదిటు పెట్టేవాళ్లూ ఉన్నారు. మీరు ఒకటి అనుకుని అన్నింటికీ అదే పాటించండి. మెడ కింద ఒకటి, వంపు మధ్యలో ఒకటి, చంక దగ్గర ఒకటి తప్పనిసరి. ఆ కింద పక్క కుట్టు వెంట ఎన్నైనా. బరువంతా బొత్తాల మీద పడకుండా మధ్యలో టిచ్ బటన్లు, మెడ కొసలకు చిన్న హుక్కు పెట్టండి. పీపా అనే వాయిద్యం ఆకారంలో, సీతాకోకచిలుకలా, చామంతిలా రకరకాల బొత్తాలున్నాయి. మెడ దగ్గర ఒక్కటి మాత్రం అలాంటిది పెట్టి మిగతావి సాదాగా ఉంచడం నాకు నచ్చే పద్ధతి.

అక్కడే కొనాలనుకుంటే

హాంగ్‌కాంగ్‌లోనో, షాంఘైలో మావోమింగ్ రోడ్డు, చాంగ్‌లె రోడ్డు వైపో షాపుల్లో కుట్టించుకోవాలనుకుంటే, ప్రయాణం మొదట్లోనే వెళ్లండి. మంచి పనికి రెండు మూడు ట్రయల్స్ పడతాయి. ఒక్క రోజులో ఇస్తామనే బోర్డులు టూరిస్టుల కోసం. రెడీమేడ్ కొంటుంటే మూడు చోట్ల చూడండి: వంపు దగ్గర డిజైను కలిసిందా, పైపింగ్ బయటికి మిషన్ కుట్టు కనబడుతోందా, పక్క కుట్టులో మార్జిన్ ఎంతుంది. పాత కాలపువి దగ్గరగా చూడాలనుంటే హాంగ్‌జౌలోని జాతీయ పట్టు మ్యూజియానికి వెళ్లండి.

వేసుకునేటప్పుడు, దాచేటప్పుడు

చైనీయుల పెళ్లికి అతిథిగా వెళ్తుంటే బంగారు దారంతో డ్రాగన్, ఫీనిక్స్ కుట్టిన ఎర్రటిది వద్దు, అది పెళ్లికూతురిది. పూర్తి తెలుపు, నలుపు కూడా వద్దు. మిగతా ఏ రంగైనా ఫర్వాలేదు. మనం వేసుకుంటే వాళ్లు ఏమనుకుంటారో అని జంకేవాళ్లకు చెప్పాల్సింది ఒకటే. శ్రద్ధగా కుట్టించుకున్నది వేసుకుంటే మెచ్చుకునేవాళ్లే ఎక్కువ. పొట్టి పాలియెస్టర్‌ది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ వేషంలా వేసుకుంటేనే చిరాకు పడతారు. మెడ మూసి ఉంటుంది కాబట్టి గొలుసు అక్కర్లేదు, చెవులకు జూకాలు కాకుండా చిన్న ముత్యాలు చాలు. జుట్టు పైకి కట్టుకుంటే మెడ కుట్టించిన కష్టం కనబడుతుంది.

వేసుకునేటప్పుడు పైనుంచి లాక్కోకుండా జిప్ పూర్తిగా తెరిచి కాళ్ల నుంచి పైకి తెచ్చుకోండి. ముందు చంక దగ్గరిది, తర్వాత వంపు, ఆఖరున మెడ బొత్తాం పెట్టుకోండి. పట్టుది డ్రై క్లీనింగ్‌కే ఇవ్వండి, కాటన్‌ది చన్నీళ్లలో చేత్తో ఉతికి నీడన ఆరేయండి. ఇస్త్రీ ఎప్పుడూ లోపలివైపు నుంచి, బొత్తాల మీద పెట్టె ఆనించకుండా. దాచేటప్పుడు మెడలో మెత్తని కాగితం ఉండ పెట్టి, పాత కాటన్ పంచెలో చుట్టండి. కలరా ఉండలు బట్టకు తగలకుండా విడిగా గుడ్డలో కట్టి మూలన పెట్టాలి. మడత ప్రతిసారీ ఒకే చోట పడకుండా అప్పుడప్పుడు తీసి మార్చి మడవండి. టైలరు దగ్గర మిగిలిన పై బట్ట, పైపింగ్ ముక్కలు అడిగి తెచ్చుకుని దాంతోపాటే ఉంచండి. రేపు ఒక బొత్తాం ఊడితే అదే రంగు గుడ్డ బజారులో దొరకదు.